ఇంటి లెక్క: ట్యాంకులో పోసే టానిక్కు

మన సంఘం సభ్యుల్లో కారు లేని ఇల్లు ఇప్పుడు తక్కువ. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక, ఎడమ కాలువ కింద భూములు సాగులోకి వస్తుండగా, కోస్తా జిల్లాల నుంచి వచ్చి సింధనూరు, మాన్వి, గంగావతి చుట్టుపక్కల క్యాంపులు వేసుకున్న మన పెద్దలకు ఎడ్లబండే వాహనం. (గంగావతి అప్పటికి రాయచూరు జిల్లాలోదే. కొప్పళ జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్ళింది.) ఎద్దుకు చిట్టూ తవుడూ, ఇరుసుకు కందెనా ఉంటే బండి నడిచేది. ట్రాక్టర్లు వచ్చాయి, మోటారు సైకిళ్ళు వచ్చాయి, ఆ తరువాత కార్లు వచ్చాయి. వాటితోపాటు రకరకాల మందులూ వచ్చాయి.

ఈ మధ్య సభ్యులు నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న అలాంటి మందు గురించే. పెట్రోలు బంకులోనో, స్పేర్‌పార్టుల దుకాణంలోనో, మెకానికు షెడ్డులోనో ఒక చిన్న సీసా చూపించి, ‘‘ఇది ట్యాంకులో పోయండి సార్, ఇంజను లోపలంతా కడిగేస్తుంది, మైలేజీ పెరుగుతుంది’’ అంటారు. పోయాలా, వద్దా? నేను ఇంజనీరును కాను, బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే ఈ ప్రశ్నలో సగం ఇంజనుకు సంబంధించినదైతే, మిగిలిన సగం జమాఖర్చులకు సంబంధించినది. మొదటి సగం చదివి తెలుసుకున్నాను. రెండో సగం మన వృత్తే కదా!

మురికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ రోజుల్లో కారులో కార్బురేటరు లేదు. పెట్రోలును ఇంజెక్టరు అనే చిన్న పిచికారీ సన్నని తుంపరగా చిమ్ముతుంది. ఎంత చిమ్మాలి, ఎప్పుడు చిమ్మాలి అన్నది ఒక చిన్న కంప్యూటరు చెబుతుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక మన మోటారు సైకిళ్ళలోకి కూడా ఈ పిచికారీయే వచ్చింది.

ఇంజను ఆపగానే అది చల్లబడదు. పైగా నీళ్ళూ గాలీ ఆడడం ఆగిపోతుంది గనక కాసేపు ఇంకా వేడెక్కుతుంది. పిచికారీ కొసన మిగిలిన ఒకటి రెండు చుక్కల పెట్రోలు ఆ వేడికి ఆవిరైపోయి, అందులోని బరువైన పదార్థం జిగురులాగా అంటుకుంటుంది. ఇంట్లో నూనె మూకుడు చూడండి. రోజూ వాడే మూకుడు అడుగున గోధుమరంగు పొర ఎలా పట్టి, గోకినా రాకుండా గట్టిపడుతుందో, ఇదీ అంతే. ఆ పొర మందమైతే తుంపర సమంగా పడదు. ఇంజను ‘మిస్సింగ్’ కొడుతుంది, పికప్ తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే మన రాయచూరులో, బజారుకీ బడికీ గుడికీ అంటూ రెండేసి కిలోమీటర్లు నడిపి ఆపే కారుకు ఇది త్వరగా పడుతుంది. వారానికొకసారి హైదరాబాదు వెళ్ళొచ్చే కారుకు నెమ్మదిగా పడుతుంది.

కాబట్టి మురికి అనేది అమ్మేవాళ్ళు పుట్టించిన మాట కాదు. నిజంగా ఉన్నదే.

సీసాలో ఏముంది?

మంచి రకం సీసాలో ఉండేది ఒక విధమైన సబ్బు. దాని అణువుకు ఒక కొస మురికిని పట్టుకుంటుంది, రెండో కొస పెట్రోలులో కరుగుతుంది. అలా పొరను కొంచెం కొంచెంగా ఊడదీసి పెట్రోలుతోపాటు కాల్చేస్తుంది. వీటిలో పాలీ ఐసోబ్యూటిలిన్ అమైన్ అనేది ఒక జాతి, పాలీ ఈథర్ అమైన్ అనేది ఇంకొక జాతి. రెండోది ఎక్కువ వేడికి తట్టుకుంటుంది గనక ఇంజను గదిలోని మసి మీద కూడా పనిచేస్తుంది. ధర కూడా ఎక్కువే. సీసా మీద ఈ పేరేదీ లేకుండా ‘రహస్య సూత్రం’, ‘అద్భుత శక్తి’ అని మాత్రమే ఉంటే అది తిరిగి అరలో పెట్టేయడం మేలు.

ఈ సబ్బు గొప్పదనం గురించి అనుమానం అక్కరలేదు. అమెరికాలో 1995 జనవరి నుంచి పెట్రోలులో ఇంత కనీస మోతాదులో శుభ్రపరిచే మందు కలిపి తీరాలని అక్కడి ప్రభుత్వమే నియమం పెట్టింది. ఆ మోతాదు చాలదని 2004లో కొన్ని కార్ల కంపెనీలు కలిసి ‘టాప్ టియర్’ అని ఇంకా గట్టి ప్రమాణం పెట్టాయి. మన పిల్లలు అమెరికాలో ఉన్నవారు అక్కడి బంకుల్లో ఆ గుర్తు చూసే ఉంటారు. అక్కడి వాహనదారుల సంఘం ‘ఏఏఏ’ 2016లో పరీక్ష చేయించి, ఆ ప్రమాణానికి తగని పెట్రోలు వాడిన ఇంజన్లలో సగటున 19 రెట్లు ఎక్కువ మురికి పేరుకుందని చెప్పింది. మన దేశంలో కూడా 2002 ప్రాంతం నుంచి ప్రభుత్వ చమురు కంపెనీలు ఇలాంటి మందు కలిపిన పెట్రోలును వేరే పేర్లతో, కొంచెం ఎక్కువ ధరకు అమ్ముతున్నాయి.

మరి ఇంత మంచిదైతే ఆలోచన దేనికి? ఇక్కడే జమాఖర్చులు రావాలి.

ఒక చిన్న లెక్క

ఆ ఏఏఏ సంఘమే ఇంకొక సంగతి చెప్పింది. ఇలాంటి మురికివల్ల తగ్గే మైలేజీ 2 నుంచి 4 శాతం అని. ఈ అంకెను పాఠకులు గట్టిగా పట్టుకోవాలి. మురికివల్ల పోయింది అంతే అయితే, మురికి వదిలితే తిరిగి వచ్చేది కూడా అంతే. పోయిన దానికంటె ఎక్కువ ఎక్కడి నుంచి వస్తుంది?

మీ కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. 5,000 కిలోమీటర్లకు సుమారు 312 లీటర్లు. లీటరు 104 రూపాయలనుకుంటే దాదాపు 32,500 రూపాయలు. సీసా ధర 500 అనుకుందాం. ఆ 500 తిరిగి రావాలంటే మైలేజీ ఒకటిన్నర శాతం పెరగాలి. ఇంజను నిజంగా మురికి పట్టి ఉంటే 2 శాతానికి 650, 4 శాతానికి 1,300 మిగులుతుంది. అంటే గిట్టుబాటే. ఇంజను ముందే శుభ్రంగా ఉంటే మిగిలేది సున్న, ఖర్చు మాత్రం 500. సీసా మానేసి, లీటరుకు 7 రూపాయలు ఎక్కువ ఇచ్చి ఖరీదైన పెట్రోలే ఎప్పుడూ పోయించుకుంటే అదే దూరానికి 2,184 రూపాయలు అదనం. 4 శాతం మిగిలినా అది పూడదు. మీ కారు పుస్తకంలో ఆ పెట్రోలే వాడాలని రాసి ఉంటే తప్ప రోజూ దాని జోలికి పోనక్కర లేదు.

ఇంకొక మాట. ‘‘పోసిన మర్నాడే మైలేజీ పెరిగిందండీ’’ అనేవారున్నారు. ట్యాంకు నింపేటప్పుడు పంపు కుర్రవాడు ‘ఆటో కట్’ దగ్గర ఆపాడా, ఇంకో రెండుసార్లు నొక్కాడా అన్నదాంట్లోనే లీటరు తేడా వస్తుంది. 30 లీటర్లలో లీటరు అంటే 3 శాతం! మనం వెతికే లాభమూ అంతే, కొలతలో తప్పూ అంతే. నాలుగైదు ట్యాంకులు ఒకే బంకులో, ఒకే పద్ధతిలో నింపి రాసుకుంటే గాని నిజం తేలదు.

రోగం వేరు, మందు వేరు

మా బ్యాంకులో అప్పు తీసుకుని టూరిస్టు కారు కొన్న కుర్రవాడొకడున్నాడు. మంత్రాలయం, హైదరాబాదు కిరాయిలు తిప్పుతాడు. తండ్రి మాన్వి దగ్గర క్యాంపులో నాలుగెకరాల రైతు. లీటరుకు 17 ఇచ్చే కారు 13కు పడిపోయింది, ఎత్తు ఎక్కితే గుంజుతోంది. ఎవరో చెబితే సీసా పోశాడు. తగ్గలేదు. ఇంకొకటి పోశాడు. మూడు నెలల్లో అయిదారు సీసాలు పోశాడు. ఈలోగా కారు దారిలో ఆగిపోతుందేమోనని దూరం కిరాయిలు మానుకున్నాడు. రెండు వాయిదాలు నిలిచిపోయాయి. 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయిల్లోకి వెళ్ళిపోతుంది, ఆ మచ్చ పడితే రేపు తండ్రి పంట అప్పుకూ ఇబ్బందే. చివరికి వేరే మెకానికు పెట్రోలు ఒత్తిడి కొలిచి చూస్తే, ట్యాంకులోని పంపు బలహీనపడింది, దాని జల్లెడ దుమ్ముతో పూడిపోయింది, ప్లగ్గులు అరిగిపోయాయి. అవి మార్చాక కారు దారికి వచ్చింది, వాయిదాలూ దారికి వచ్చాయి.

ఆ సీసాలు నకిలీవి కాకపోవచ్చు. మిరియాల కషాయం గొంతు నొప్పికి మంచిదే, కాలు విరిగినవాడికి ఎన్ని గ్లాసులు పోస్తే ఏం లాభం? అంకెల్లోనే ఈ సంగతి ఉంది. 17 నుంచి 13 అంటే 23 శాతం పైన నష్టం. మురికి తినేది 2 నుంచి 4 శాతమైతే మిగతాది ఎవరు తిన్నట్టు? మైలేజీ ఇలా ఒక్కసారిగా పడిపోతే సీసా దగ్గరకు కాదు, మెకానికు దగ్గరకు వెళ్ళాలి. అంతకంటె ముందు టైర్లలో గాలి, గాలి ఫిల్టరు చూసుకోవాలి. వరి కోతల రోజుల్లో మన రోడ్ల మీద లేచే దుమ్మూ ఊకా ఒక్క నెలలో ఫిల్టరును పూడ్చగలవు.

ఇథనాలు సంగతి

ఇక అందరి నోటా ఉన్న ఈ-20. పెట్రోలులో ఇథనాలు కలపడం మన దేశంలో 2003లో 5 శాతంతో మొదలైంది. 2022 జూనుకు 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులోనే ప్రధానమంత్రి ప్రారంభించారు. 2025 నాటికి దేశమంతటా అదే పెట్రోలు అయింది. దానిమీద దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది.

లీటరు ఇథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటె మూడోవంతు తక్కువ. అందుకే మైలేజీ కొంత తగ్గుతుంది. 2021లో నీతి ఆయోగ్ నివేదికే, పాత పద్ధతిలో తయారై 10 శాతానికి సరిచేసిన కార్లకు 6 నుంచి 7 శాతం, 10 శాతానికి తయారై 20కి సరిచేసిన కార్లకు 1 నుంచి 2 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. ఇది మురికివల్ల వచ్చిన తరుగు కాదు. పాలల్లో వెన్న శాతం తగ్గితే, గిన్నె ఎంత తోమినా నెయ్యి పెరగదు. ‘ఈ-20 దోషం పోగొట్టే మందు’ అని ఏ సీసా వచ్చినా ఈ మాట గుర్తుంచుకోండి.

ఇథనాలుకు రెండు గుణాలున్నాయి. ఒకటి, అది స్వయంగా మంచి ద్రావకం. పాత కారు ట్యాంకులో ఏళ్ళ తరబడి పట్టిన పొరను కరిగించి తెచ్చి ఫిల్టరులో పడేస్తుంది. పాత కారు ఈమధ్య గుంజుతోందంటే ముందు ఫిల్టరు మార్చి చూడండి. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బడం, పగలడం కూడా ఉంటుంది. పెట్రోలు వాసన వస్తే ఆలస్యం చేయకూడదు, అది మైలేజీ సమస్య కాదు, ప్రాణాపాయం. రెండు, ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. నీరు హద్దు మీరితే ఇథనాలూ నీరూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. పిల్లలు విదేశాలకు వెళ్ళాక నెలల తరబడి షెడ్డులో నిద్రపోయే కార్లు మన ఇళ్ళల్లో చాలా ఉన్నాయి. వాటిని వారానికొకసారి ఇరవై కిలోమీటర్లు తిప్పండి. అడుక్కి దిగిన నీటిని ఏ సబ్బూ తిరిగి కలపలేదు, ట్యాంకు ఖాళీ చేయవలసిందే. ‘నీరు తీసే మందు’ అని అమ్మే చాలా సీసాల్లో ఉండేది ఇంకొక రకం ఆల్కహాలే. ఇరవై శాతం ఆల్కహాలు ఉన్నదాంట్లో ఇంకో గరిటెడు పోస్తే ఒరిగేది లేదు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. ఆ ఇథనాలు చెరకుతోపాటు మొక్కజొన్న నుంచి, నూక బియ్యం నుంచి కూడా తయారవుతోంది. సోనా మసూరి పండించే మన ఆయకట్టులో, మిల్లుల్లో మిగిలే నూకకు కొనేవాడు పెరగడం మనకు చేదు కాదు. ఒకే ఇంట్లో అన్నగారు బంకులో నష్టపోయాననీ, తమ్ముడుగారు మిల్లులో లాభపడ్డాననీ అనే కాలం ఇది. ఉమ్మడి కుటుంబంలో ఇలాంటి లెక్కలు మనకు కొత్తవి కావు!

డీజిలు బండ్ల విషయం

ట్రాక్టరుకూ, వరికోత మిషనుకూ ఇదే సూత్రం, కాని జాగ్రత్త ఎక్కువ. కొత్త డీజిలు ఇంజన్ల నాజిలు రంధ్రం మిల్లీమీటరులో పదోవంతు ప్రమాణంలో ఉంటుంది. నీరు, దుమ్ము దానికి యముడు. కోతల మధ్యలో మిషను ఆగితే, వాన మబ్బు పట్టిన ఆకాశం కింద వరి ఒరిగి ఉంటే, నాజిళ్ళ ఖర్చు కంటె చేను నష్టం ఎక్కువ. డీజిలును మూతలేని పీపాల్లో నిలవ చేయకపోవడం, వడకట్టి పోయడం, నీరు వేరుచేసే ఫిల్టరు అడుగు మర విప్పి నీరు వదలడం, వేళకు ఫిల్టరు మార్చడం - ఈ నాలుగూ చేసినవాడికి సీసా అవసరం అరుదు. పెట్రోలు సీసా డీజిలులో పోయకూడదు. పొగను శుభ్రపరచడానికి లారీల్లో వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవాన్ని మందు అనుకుని డీజిలు ట్యాంకులో పోస్తే మాత్రం పంపూ నాజిళ్ళూ పాడైనట్టే.

మందుల చరిత్ర కొంచెం

పెట్రోలులో కలిపే మందుల్లో ప్రపంచంలో అన్నిటికంటె పేరుపొందినది సీసం మందు. అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ అనే ఇంజనీరు 1921లో కనిపెట్టాడు. ఇంజను కొట్టుకోవడం ఆగింది, లోకం చప్పట్లు కొట్టింది. ఆ పొగలోని సీసం పసిపిల్లల మెదడుకు విషమని లోకం ఒప్పుకోవడానికి తరాలు పట్టింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరిలో. ప్రపంచంలో చివరగా అల్జీరియా మానింది 2021లో. ఇంజనుకు మంచిదైనదల్లా మనిషికి మంచిది కాదని అప్పుడు తెలిసింది.

మనవైపు కథ కూడా ఉంది. 1996లో తమిళనాడులో రామర్ పిళ్ళై అనే ఆయన ఆకులతో, నీళ్ళతో పెట్రోలు చేస్తానంటే దేశమంతా నోరు తెరుచుకు చూసింది. శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే అందులో మూలిక మహిమేమీ లేదని తేలింది. అయినా తరువాత ఆ పేరు మీద ఇంధనం అమ్మకానికి వచ్చింది. 2016లో చెన్నై కోర్టు ఆయనకు మూడేళ్ళ జైలు శిక్ష వేసింది. అద్భుతం అనే మాట వినగానే జేబు మీద చెయ్యి వేసుకోవడం మంచిదని అందుకే అంటాను.

అసలు జాగ్రత్త బంకు దగ్గర

సీసా మీద ఖర్చుపెట్టే ముందు మనకు ఉచితంగా ఉన్న హక్కులు వాడుకోవాలి. అనుమానం వస్తే బంకులో ఫిల్టరు కాగితం అడగండి, ఇవ్వడం వారి విధి. నాజిలు మూతి తుడిచి ఒక చుక్క వేయిస్తే రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. నల్లటి మరక మిగిలితే కల్తీ అనుమానించాలి. రంగువల్ల లేత గులాబీ ఛాయ ఉంటే ఫరవాలేదు. కొలత మీద అనుమానమైతే అయిదు లీటర్ల కొలపాత్రలో పోయించి చూడవచ్చు. సాంద్రత కూడా కొలిచి, రాసిపెట్టిన అంకెతో పోల్చి చూపమనవచ్చు.

ఇవి అడగడానికి మనలో చాలామంది మొహమాటపడతారు. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊళ్ళో పెరిగిన ఎస్. మంజునాథ్ అనే యువకుణ్ణి తలచుకుంటే ఆ మొహమాటం పోవాలి. ఇండియన్ ఆయిల్‌లో అధికారిగా ఉత్తరప్రదేశ్‌లో పనిచేస్తూ, కల్తీ చేస్తున్న బంకును మూయించినందుకు 2005 నవంబరులో అతన్ని కాల్చి చంపారు. దోషుల యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2015లో ఖాయం చేసింది. మనకు చుక్క పెట్రోలు శుద్ధంగా రావాలని ఒకరు ప్రాణమే ఇచ్చారు. మనం ఒక కాగితం ముక్క అడగలేమా?

చివరికి తేలినది

కొత్త కారుకు, రోజూ దూరం తిరిగే కారుకు సీసా అక్కరలేదు. నలభై, యాభై వేలు తిరిగి, ఊళ్ళోనే ఆగి ఆగి నడిచే పాత కారు కొంచెం మొద్దుబారితే, పాలీ ఈథర్ అమైన్ ఉన్న మంచి సీసా ఒకటి పోసి చూడవచ్చు. ముందు సీసా పోసి, ఆపైన ట్యాంకు నింపితే బాగా కలుస్తుంది. ఆ ట్యాంకు వీలైతే దూర ప్రయాణంలో ఖర్చుచేయండి. మందు కొంత ఇంజను ఆయిలులోకి దిగుతుంది గనక ఆయిలు మార్పించే ముందు ట్యాంకులో పోయడం తెలివైన పని. రెండు సీసాలు ఒకేసారి పోస్తే రెట్టింపు ఫలం రాదు. కారు పుస్తకంలో వద్దని ఉంటే, వారంటీ ఉన్నన్నాళ్ళూ పోయకండి. పెట్రోలును నేరుగా ఇంజను గదిలోకే చిమ్మే కొత్తరకం ఇంజన్లలో పెట్రోలు వాల్వుల మీదుగా పారదు గనక, ఆ వాల్వుల మసికి ట్యాంకులో పోసే ఏ మందూ అందదు.

మన పెద్దలు మందుకంటె పథ్యం ముఖ్యమన్నారు. కారుకు పథ్యమంటే వేళకు ఫిల్టరు, టైర్లలో గాలి, నమ్మకమైన బంకు, ఒక చిన్న నోటుపుస్తకం. వడ్ల లారీ కాటా మీద ఎక్కితే దగ్గర నిలబడి ముల్లు చూసేవాళ్ళం మనం. అదే చూపు పెట్రోలు పంపు మీద, కారు మీటరు మీద కూడా ఉంచితే చాలు. ఏ సీసా కొనాలో, ఏది మానాలో ఆ నోటుపుస్తకమే చెబుతుంది.